కొల్లేటి ప్రాంతమున విజ్ఞానశాస్త్రవిద్య: ప్రవేశము, నిలుకడ

ఆంధ్రదేశమునందలి కళాశాలావిద్యాచరిత్రమును వ్రాసినవారు సాధారణముగా రెండు విషయములను లెక్కించుచుందురు. ఏ సంవత్సరమున ఏ కళాశాల వెలసినది, అందెందఱు చేరిరి అనునవి ఆ రెండు. చేరినవారిలో ఎందఱు నిలిచిరి, నిలువలేనివారు ఏ కారణమున మధ్యలో వెడలిపోయిరి అను ప్రశ్న ఆ రచనలలో అరుదుగా కానవచ్చును. విజ్ఞానశాస్త్రముల విషయమున ఈ లోపము మఱింత హెచ్చు. తరతరములుగా అక్షరమునకు దూరముగా నుంచబడిన కులములవారు, బెస్తపల్లెల పిల్లలు, బాలికలు సైన్సు కళాశాలలలో అడుగిడిన చరిత్ర చట్టముల చరిత్రగనే వ్రాయబడినది. వారిని లోపల నిలిపిన సాధనముల చరిత్ర ఇంకను వ్రాయబడవలసియున్నది. తలుపు తెఱచుటకు ఉత్తరువులు చాలినవి; లోపల నిలుపుటకు అన్నము, పడక, అర్థమగు మాట, కలసి చదువుకొను తోడు కావలసివచ్చినవి. ఈ సంగతిని ఆకివీటి పరిసరములను ఆధారముగా గొని పరిశీలించుటకు పూనుకొనుచున్నాము.

ఆకివీడు కొల్లేటి దక్షిణపుటంచున, గుడివాడ-భీమవరము రైలుమార్గముపై నున్న పట్టణము. కృష్ణా గోదావరీ మండలముల నడుమ పల్లమున నిలిచిన ఈ సరస్సులోనికి బుడమేరు, తమ్మిలేరు మున్నగు ఏఱులు నీరు తెచ్చును. ఉప్పుటేరొక్కటియే ఆ నీటిని సముద్రమునకు కొనిపోవును. సరస్సు గర్భమునందు 46 గ్రామములును, అంచున 76 గ్రామములును కలవని లెక్క. లంకగ్రామములలో పెక్కింట వడ్డివారు, తదితర మత్స్యకారులు నివసింతురు. వర్షకాలమున నీరు పొంగినపుడు ఇల్లు కదలవలెనన్న తాటిదోనెయే గతియైన దినములు పెద్దలకింకను జ్ఞాపకమున నున్నవి. 1925లో పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడినపుడు సరస్సు రెండు జిల్లాల పాలైనది. ఏలూరు దానికి ఉత్తరపుటొడ్డున, జిల్లా ముఖ్యపట్టణముగా నిలిచెను. పటమున చూచినవారికి ఆకివీటినుండి ఏలూరు చేరువ. పయనించువారికి కైకలూరు మీదుగా సరస్సును దాటవలసిన దారి. వఱద వచ్చినపుడు ఆ కైకలూరు రహదారియే నీట మునుగుట కలదు.

ఈ భౌగోళికవర్ణన అప్రస్తుతమని తోచవచ్చును. కాని విజ్ఞానశాస్త్రవిద్యకొక గడియారము కలదు. తెలుగో, చరిత్రమో చదువు విద్యార్థి ఉపన్యాసములు ముగిసిన వెంటనే ఇంటికి పోవచ్చును. పుస్తకమును ఇంట చదువుకొనవచ్చును. రసాయనశాస్త్రము చదువు విద్యార్థికి ప్రయోగశాల తప్పదు. ప్రయోగములు తఱచుగా మధ్యాహ్నము పెట్టబడును. బ్యూరెట్టులో చివరిబొట్టు పడునప్పటికి సాయంకాలమగును; అప్పటికి ఆఖరిబండియో, ఆఖరిదోనెయో వెళ్లిపోయియుండును. రికార్డు పుస్తకము, లాబ్ కోటు, జీవశాస్త్రపు విద్యార్థికి డిసెక్షన్ బాక్సు ఇవియెల్ల అదనపు వ్యయములు. కావున దూరగ్రామపు పేద విద్యార్థికి సైన్సు చదువనగా వసతిగృహముతో గూడిన చదువు. మా దృష్టిలో హాస్టలు కళాశాలకు అనుబంధము కాదు. బ్యూరెట్టువలె, సూక్ష్మదర్శినివలె అదియు ప్రయోగశాలలోని ఒక ఉపకరణమే.

ఈ సంగతిని మన ప్రాంతమున తొలుత గుర్తించినవారిలో రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు ముఖ్యులు. 20వ శతాబ్ది తొలి రెండు దశకములలో వారు కాకినాడలోని పిఠాపురపు రాజావారి కళాశాలకు అధ్యక్షులుగా నుండిరి. యువతులను కళాశాలలో చేర్చుకొనుటయే గాక, పిఠాపురపు మహారాజావారి ఆదరమున దళితవిద్యార్థులకు వసతిగృహమును నడిపించిరి. ప్రవేశమును, వసతిని ఒకే పనిగా తలచుట ఆ కాలమునకు మిక్కిలి క్రొత్త.

నిలుకడకు సంబంధించి మఱియొక జీవితము పరిశీలింపదగినది. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన, ఆకివీటికి సుమారు 20 కిలోమీటర్ల దూరముననున్న భీమవరమున జన్మించిరి. వారి కులము విద్యకు దూరమైనది కాదు. కాని దారిద్ర్యము, ఇంట వరుసగా సంభవించిన మరణములు వారి చదువును పలుమాఱు తెగగొట్టబోయినవి. రాజమహేంద్రవరమున తప్పి, తుదకు మద్రాసు హిందూ హైస్కూలునుండి మూడవమాఱు మెట్రిక్యులేషనునందు కృతార్థులైరి. మద్రాసు వైద్యకళాశాలలో చదువుటకు మిత్రులును, పిమ్మట వారికి మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును తోడ్పడిరి. ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహమునకు పాత్రులై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మాఱుగా దానికంటె తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. మాత్రము పొందిరి. పిదప మద్రాసున ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదకళాశాలలో శరీరనిర్మాణశాస్త్రమును బోధించిరి. అమెరికాకు పోవుటకు వారికి అండగా నిలిచినవానిలో కాకినాడ మల్లాడి సత్యలింగనాయకర్ ధర్మసంస్థ యొకటి. ఆ నాయకర్‌గారు అగ్నికులక్షత్రియులు. రంగూనున ధనమార్జించి విద్యాదానమునకు ఆస్తినిచ్చినవారు. పడవలతో, వలలతో బ్రదికిన కులమున పుట్టిన ధనము ఒక బ్రాహ్మణబాలుని హార్వర్డునకు చేర్చినది. తమ కులపు పిల్లలు పెద్ద సంఖ్యలో ఆ చదువులకు చేరుటకు ఇంకను అర్ధశతాబ్ది పట్టినది. చరిత్రలో ఇట్టి తాఱుమాఱులు కలవు.

సుబ్బారావుగారు ఫిస్క్‌తో గూడి 1925లో భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్చిన పరిశోధన వెలువడినది. 1940లో లెడర్లీ సంస్థలో చేరి 1948లో మరణించువఱకు ఫోలిక్ ఆమ్లము మున్నగువానిపై కృషి సలిపిరి. వారి ప్రతిభను కొనియాడుట పరిపాటియైనది. మేము గమనింపగోరునది వేఱు. మూడు తావుల తెగిపోవలసిన చదువు మూడు తావులను ఎవరో ఒకరి చేయూతతో అతుకుకొన్నది. బంధుత్వము, మిత్రమండలి, ధర్మనిధి ఇవి లభింపని పిల్లవాడు అంతే ప్రతిభ కలవాడైనను మెట్రిక్యులేషనుకడనే ఆగిపోయియుండును. అట్టివారి పేర్లు మనకు తెలియవు.

వ్యక్తుల దయపై ఆధారపడిన ఈ చేయూతను ప్రభుత్వధర్మముగా మార్చిన ఘట్టము 1944. అప్పుడు డాక్టర్ అంబేద్కర్ వైస్‌రాయి కార్యనిర్వాహకవర్గమున సభ్యులు. వారి పట్టుదలవలన షెడ్యూల్డు కులముల విద్యార్థులకు మెట్రిక్యులేషను పిదపటి చదువులకు భారతప్రభుత్వోపకారవేతనము లేర్పడినవి. కొలది సంవత్సరములకు షెడ్యూల్డు తెగలకును విస్తరించినవి. మఱుసటి యేడే, 1945లో, ఏలూరున సర్ సి.ఆర్. రెడ్డి కళాశాలయు, భీమవరమున పశ్చిమగోదావరి భీమవరము కళాశాలయు వెలసినవి. రెండవది పిమ్మట దంతులూరి నారాయణరాజుగారి పేర ప్రసిద్ధమైనది. కొల్లేటికి ఉత్తరమున నొకటి, దక్షిణమున నొకటి. వేతనము ఢిల్లీనుండియు, కళాశాల పొరుగూరునుండియు ఇంచుమించు ఒకేసారి సమకూడుట ఈ ప్రాంతపు అదృష్టము. 1953లో ఏలూరున సెయింట్ థెరిసా మహిళాకళాశాల నెలకొనినది. ఆడపిల్లను మద్రాసునకో, విశాఖపట్టణమునకో పంపుటకు జంకిన తల్లిదండ్రులకు ఏలూరు దూరమైనను పరాయి కాదు.

ప్రవేశచరిత్రలో అందఱెఱిగిన ఘట్టము 1951 నాటి చంపకం దొరైరాజన్ వ్యాజ్యము. మద్రాసు ప్రభుత్వపు కమ్యూనల్ జీ.వో. ననుసరించి ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లోఇండియనులకు దేశీయక్రైస్తవులకు కలిపి 1, ముసల్మానులకు 1 చెందెడివి. సుప్రీముకోర్టు దీనిని కొట్టివేయగా, అదే సంవత్సరమున రాజ్యాంగమునకు ప్రథమసవరణ జరిగి 15వ అధికరణమున 4వ ఉపవిభాగము చేరినది. ఈ వ్యాజ్యము ఏ సీట్లను గుర్చినదో మనవారు తఱచుగా మఱచుచుందురు. చంపకం అడిగినది వైద్యకళాశాల. ఆమెతో పాటు న్యాయస్థానమున కెక్కిన శ్రీనివాసన్ అడిగినది ఇంజనీరింగు కళాశాల. స్వతంత్రభారతమున రిజర్వేషనులను గుర్చిన తొలి రాజ్యాంగవివాదము విజ్ఞానశాస్త్రపు సీట్లమీదనే చెలరేగినది. చంపకం నిజముగా ఆ కళాశాలకు దరఖాస్తే పెట్టియుండలేదనుట న్యాయశాస్త్రవిద్యార్థులు చిఱునవ్వుతో చెప్పుకొను సంగతి.

మత్స్యకారుల విషయమున మఱికొంతకాలము పట్టెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సిద్ధపఱచిన వెనుకబడిన తరగతుల పట్టికను సుప్రీముకోర్టు 1968లో సాగర్ వ్యాజ్యమున నిరాకరించినది. అనంతరామన్ కమిషను విచారణ జరిపి 1970లో నివేదిక సమర్పించెను. దానిపై వెలువడిన ఉత్తరువులను 1972లో బలరాం వ్యాజ్యమున అదే న్యాయస్థానము ఆమోదించినది. ఈ రెండు వ్యాజ్యములును వైద్యకళాశాలల ప్రవేశమునకు సంబంధించినవే. అగ్నికులక్షత్రియులు, వాడబలిజలు, బెస్తలు, వడ్డివారు మున్నగువారు 'ఎ' వర్గమున చేరిరి. ఇట్లు లంకగ్రామపు పిల్లవానికి వైద్యకళాశాలలో సీటుపై హక్కు కలిగినది. ఆ సీటును అందుకొనుటకు ముందు ఇంటర్మీడియెటును దాటవలెను. పెక్కురు తప్పిపోయినది అచటనే.

భాషాశాఖవారమైన మాకు ఈ విషయముతో నేమి పని యని పాఠకులడుగవచ్చును. పని కలదు. పదవ తరగతివఱకు తెలుగున భౌతికశాస్త్రమును చదివిన విద్యార్థి కళాశాలలో అడుగిడిన దినముననే రెండు పాఠములు నేర్వవలసియుండును: ఒకటి శాస్త్రము, రెండవది ఆ శాస్త్రము చెప్పబడు భాష. పట్టణపు విద్యార్థి మొదటిదానితో సరిపుచ్చుకొనును. తరగతిలో వెనుకబడినవాడు బుద్ధిమాంద్యమువలన వెనుకబడినాడో, భాషవలన వెనుకబడినాడో అధ్యాపకునకు తెలియదు. తనకే తెలియకపోవుట మఱింత విషాదము. తాను సైన్సునకు తగనని అతడే తీర్మానించుకొనును.

ఈ సమస్యను మన పెద్దలు ముందే గుర్తించిరి. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ప్రభృతులు స్థాపించిన విజ్ఞానచంద్రికామండలి చరిత్రతో బాటు శాస్త్రగ్రంథములను తెలుగున ప్రకటించినది. పైన పేర్కొన్న ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము అట్టి గ్రంథములలో నొకటి. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడినది. అప్పటి విద్యామంత్రి పి.వి. నరసింహారావుగారు దానికి తొలి అధ్యక్షులు. అకాడమీ ఇంటర్మీడియెటునకును, పట్టపుతరగతులకును శాస్త్రగ్రంథములను తెలుగున సమకూర్చినది. ఆ గ్రంథములు లేకున్నచో ఆకివీడు, కైకలూరు వంటి చోట్లనుండి వచ్చిన ఒక తరము విద్యార్థులు సైన్సు గుమ్మమునే తొక్కియుండరని మా నమ్మకము. ఆ ఋణమును తక్కువచేసి చెప్పరాదు.

అయినను ఒక మాట చెప్పక తప్పదు. త్వరణము, ద్రవ్యవేగము, వక్రీభవనము, ద్రవాభిసరణము: ఈ పదములు నిర్దుష్టములు, చక్కగా కల్పింపబడినవి. కాని లంకగ్రామపు బాలునకు అవి ఆంగ్లపదములకంటె దగ్గఱవియా? సంస్కృతము ఎఱిగిన యింటి బాలుడు పదమును విడదీసి అర్థము చేసికొనును; ఎఱుగనివాడు రెంటిని సమానముగా కంఠస్థము చేయవలసినవాడే. పట్టపుతరగతి దాటిన పిమ్మట ఆ పదములును విడిచి మరల ఆంగ్లపదములను పట్టవలెను. మూడుమాఱులు భాష మార్చిన పిల్లవాడు శాస్త్రముపై మనసు నిలుపుట కష్టము.

ఇందులకు విరుద్ధముగా కొల్లేటి ఒడ్డున మఱియొక పరిభాష తనంతట తాను పుట్టినది. ఆకివీడు, కైకలూరు ప్రాంతముల చేపల చెరువులకడ, రొయ్యల చెరువులకడ పనిచేయువారి మాటలు వినుడు. పీహెచ్, అమ్మోనియా, ఆక్సిజన్, ఏరేటరు అను పదములు తెలుగు విభక్తులతో గూడి వారి నోట అలవోకగా వచ్చును. తెల్లవాఱుజామున ఆక్సిజన్ పడిపోయి చేపలు నోళ్లు తెఱచి పైకి తేలునని కావలివానికి తెలియును. పగలు సూర్యరశ్మిలో నాచు ప్రాణవాయువును విడుచును, రాత్రి చెరువులోని సమస్తప్రాణులును దానిని వాడుకొనును, కావున తెల్లవాఱునప్పటికి అది కనిష్ఠమునకు దిగును; కావలివాడెఱిగినది కిరణజన్యసంయోగక్రియ, శ్వాసక్రియ అను రెండు పాఠముల సారము. బొచ్చె, శీలావతి ఊపిరాడక చచ్చిన నీట కొఱ్ఱమీను గాలిని పీల్చి బ్రదుకుననియు అతడెఱుగును. వేసవిలో ఉప్పుటేటిగుండ ఉప్పునీరు ఎగబ్రాకినపుడు ఏ చేప నిలుచును, ఏది నిలువదు అను జ్ఞానమునకు శాస్త్రమున ద్రవాభిసరణమని పేరు. ఇంత ఎఱిగిన యింటి బాలిక జీవశాస్త్రపు తరగతిలో ఈ పాఠము వచ్చినపుడు తనకేమియు తెలియదని తల వంచుకొని కూర్చుండుట మన బోధనాపద్ధతి చేసిన అన్యాయము. పరిభాషాసంఘములు చెరువుగట్టు మాటలను కూడ సేకరించి, వానినుండి పుస్తకపు మాటకు దారి వేసియుండినచో బాగుండెడిది.

2019లో ప్రభుత్వపాఠశాలలలో ఆంగ్లమాధ్యమమును విధించు ఉత్తరువులు వెలువడినవి. 2020లో హైకోర్టు వానిని కొట్టివేసినది. ఆ వివాదములోని ఇరుపక్షములవారును మాధ్యమమును గుర్చి వాదించిరేకాని, ఒక మాధ్యమమునుండి వేఱొకదానికి దాటు మాసములలో విద్యార్థికి ఎవరు తోడుందురని అంతగా ఆలోచింపలేదు.

ఆ దాటుకాలమును గుర్తించి నిర్మింపబడిన సంస్థ యొకటి ఈ ప్రాంతమున కలదు. 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో మూడు విద్యాప్రాంగణములతో ప్రారంభమైనది. ప్రజలు దీనిని ట్రిపుల్ ఐటీ యందురు. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరున జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారమును పొందిన రాజ్ రెడ్డిగారు దీనికి తొలి కులపతులు. గ్రామీణవిద్యార్థులను పదవ తరగతి ముగిసిన వెంటనే చేర్చుకొని, రెండేండ్లు ప్రీయూనివర్సిటీ, నాలుగేండ్లు ఇంజనీరింగు, మొత్తము ఆఱేండ్లు ఒకే ఆవరణమున ఉంచి చదివించుట దీని పద్ధతి. ఇంటర్మీడియెటను అగాధమును దాటించుటకు మాఱుగా దానిని ఈ పద్ధతి పూడ్చివేసినది. ప్రవేశమునకు సాధారణముగా వేఱొక పరీక్ష లేదు. పదవ తరగతి పరీక్షలు జరుగని 2020, 2021 సంవత్సరములలో మాత్రము పెట్టవలసివచ్చెను. పదవ తరగతి ఫలితములు గ్రేడులుగా వెలువడిన కాలమున, వసతిలేని ప్రభుత్వపాఠశాలలలో చదివినవారికి వచ్చిన గ్రేడు సగటునకు 0.4 కలుపుట ఇందలి విశేషముగా నుండెను. దీనిని కొందఱు ప్రతిభకు భంగమందురు. మేమట్లు తలంపము. ట్యూషను, వసతి, పుస్తకములు గల విద్యార్థి మార్కులయందు అవియన్నియు చేరియే యున్నవి; లేనివానికి 0.4 కలుపుట తూనికను సరిచేయుటయే.

ఇట ఒక విదేశానుభవమును జ్ఞప్తికి తెచ్చుకొనుట ఉచితము. 1970లలో కాలిఫోర్నియా బర్క్‌లీ విశ్వవిద్యాలయమున యూరీ ట్రైస్‌మన్ అను గణితజ్ఞుడు కలనగణితమున నల్లజాతి విద్యార్థులేల తప్పుచున్నారని విచారించెను. శ్రద్ధ చాలదనియు, ఇంట ప్రోత్సాహము లేదనియు అందఱు ఊహించిరి. విద్యార్థుల వెంట తిరిగి చూడగా ఆ కారణములు నిలువలేదు. వారు శ్రద్ధగనే చదువుచుండిరి, కాని ఒంటరిగా చదువుచుండిరి. చీనాదేశపు సంతతివారు కలసి చదివి, ఒకరి తప్పులనొకరు దిద్దుకొనుచుండిరి. అంతట అతడు కఠినమైన లెక్కలను గుంపుగా సాధించు తరగతులను ఏర్పఱచెను. చేరినవారి ఫలితములు మాఱినవి. సులభపు లెక్కలతో ఊఱడించుట అతని పద్ధతి కాదు. 1988లో మేరీలాండ్ విశ్వవిద్యాలయపు బాల్టిమోర్ శాఖలో నెలకొల్పబడిన మైయర్‌హాఫ్ విద్యార్థివేతనపథకము కూడ ధనసహాయముతో పాటు సహవాసమును, కలసి చదువుటను నియమముగా చేసికొన్నది. నూజివీటి హాస్టలు గదులలో ఒకే రకపు పాఠశాలలనుండి వచ్చినవారు ఒకే చోట నుండుట ఈ సూత్రమునకు అనుకూలము. తెలియదని ఒప్పుకొనుటకు అచట సిగ్గుపడనక్కఱలేదు. ఐనను ఈ పద్ధతికొక లోపము కలదు: పదునైదు పదునాఱేండ్ల ప్రాయమున ఇల్లు విడిచిన పిల్లలకు ఇంటిమీద బెంగ తక్కువ భారము కాదు.

2015లో తాడేపల్లిగూడెమున జాతీయ సాంకేతికవిద్యాసంస్థ స్థాపితమైనది. ఇందలి ప్రవేశము అఖిలభారతపరీక్ష ద్వారా జరుగును. సగము సీట్లు స్వరాష్ట్రమువారికి, అందు రాజ్యాంగానుసారముగ రిజర్వేషనులు. 2018నుండి ఇట్టి సంస్థలలో బాలికల కొఱకు అదనపు సీట్లు కల్పింపబడినవి. ఆకివీటినుండి ఈ సంస్థ రెండు గంటల ప్రయాణము కూడ కాదు. కాని పరీక్షాశిక్షణకు వలయు రెండేండ్ల కాలము, ధనము లంకగ్రామమునుండి ఎంత దూరమో కిలోమీటర్లలో చెప్పుట సాధ్యము కాదు. 1999లో కొల్లేరు అభయారణ్యముగా ప్రకటింపబడి, 2006 ప్రాంతమున అయిదవ కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు తొలగింపబడినపుడు పెక్కు కుటుంబముల ఆదాయము ఒక్కసారిగా తెగినది. ఆ చెరువులలో అక్రమములు కలవు. సరస్సును కాపాడుట న్యాయమే. అయితే అట్టి యేడు చదువు మానవలసి వచ్చునది ఇంట ఎవరన్న ప్రశ్నకు ఉత్తరము ప్రతి గ్రామమునను ఒకటే. సైన్సు గ్రూపులోని ఆడపిల్ల.

పరిశోధకవిద్యార్థులకు ఇట చేయదగిన పని చాల కలదు. కళాశాలల ప్రవేశపుస్తకములను ఇంతవఱకు పెక్కురు చూచిరి. టీ.సీ. పుస్తకముల అడుగుకాగితములను చూచినవారు అరుదు. విద్యార్థి ఏ గ్రూపునుండి, ఏ తేదీన, ఏ కారణముచే వెడలినాడో అందు వ్రాయబడియుండును; సైన్సు వదలి ఆర్ట్సునకు మాఱినవారి పేర్లు హాజరుపట్టికలలో కొట్టివేతలుగా మిగిలియుండును. సాంఘికసంక్షేమహాస్టళ్ల భోజనపు పట్టికలను వీనితో సరిపోల్చినచో వసతికిని, నిలుకడకును గల సంబంధము ఏటేట తేటపడును. 2022లో జిల్లాల పునర్విభజన జరిగి కైకలూరు, నూజివీడు ఏలూరు జిల్లాలో చేరినవి. ఆకివీడు భీమవరము కేంద్రముగాగల పశ్చిమగోదావరిలో నిలిచినది. కార్యాలయములతో పాటు పాతకాగితములును చోటు మాఱుచున్న సమయమిది. ఒక ప్రవేశపుస్తకపు వరుసకును, దానికి సరియగు అడుగుకాగితమునకును నడుమ గడచిన మాసములెన్ని యని లెక్కించుటతో ఈ పనిని ఆరంభింపవచ్చును.